గుండుసూదుల భాష

కొలతలు తీసేటప్పుడు దర్జీగారికి నోటినిండా గుండుసూదులుండాలి. వాటి మధ్యనుంచి ఆయన గొణిగే అంకెలు భార్యకు తప్ప నరమానవుడికి అర్థమయ్యేవి కావు. ఆవిడ పలకమీద రాసేది, ఆయన కత్తిరించేవాడు. ఆవిడ పోయాక దుకాణం మూసేసి ఇంట్లో ఓ మూల కూలబడ్డాడు.

"ఇలాగే కూర్చో నాన్నా, కత్తెరకీ నీకూ కలిపి తుప్పు పడుతుంది" అని కూతురు పోరగా పోరగా మళ్ళీ తలుపులు తీశాడు.

మొదట వచ్చింది పక్కవీధి టీచరమ్మ. పోయిన భర్త కోటును తనకు సరిపోయేలా చేయమంది. ఆయన అలవాటు కొద్దీ భుజం కొలత గొణిగి, పలక ఉన్న ఖాళీ స్టూలు వైపు తిరిగాడు. నాలిక్కరుచుకుందామంటే నోట్లో సూదులు!

టీచరమ్మ పలక అందుకుని ఆ అంకె తప్పులేకుండా రాసేసింది.

"ఎలా తెలిసింది?" అన్నాడు సూదులతోనే.

"పక్షవాతమొచ్చి మావారి మాట ముద్దైపోయిందండీ. ఈ భాష నాకు బాగా వచ్చు. ఆయన పోయాక మాట్లాడేవాళ్ళే లేరు."

కోటు ఎప్పుడో తయారైంది. టీచరమ్మ మాత్రం బడి వదలగానే వచ్చి పలక పట్టుకుంటూనే ఉంది. ఒక సాయంత్రం కొలతలన్నీ అయ్యాక, ఆయన తల వంచుకుని సూదుల చాటునుంచి ఇంకేదో అడిగాడు.

ఆవిడ పలక కింద పెట్టింది.

"అర్థమైంది. కానీ ఇది మాత్రం సూదులు తీసి అడగండి."