నీలవ్వ జడ, మూడో పిన్ను

నీలాంబిక పొద్దుగాల లేవంగనే చేసే పని జడ అల్లుకునుడు. కొబ్బరినూనె పెట్టి, నడుము దాటిన జడను బిగ్గ అల్లి, కొసకు ఎర్ర రిబ్బన్ కట్టి, కొంగు కింద దోపుకుంటది. దోపుకోకుంటె అది ఊకె లేస్తది. చిన్నప్పుడు నాగల్‌గిద్ద దిక్కు కందిచేన్ల ఆమె పక్కనే పిడుగు పడ్డది. ఆమెకేం కాలే గని, అప్పటిసంది కరెంటు పోరాని తొవ్వల పోతె చాలు, జడ లేచి అటే చూపిస్తది. నారాయణఖేడ్ల ఎవరింట్ల మిక్సీ జుమ్మన్నా, కూలర్ షాక్ కొట్టినా, "నీలవ్వా, జర వచ్చి పో" అని పిలుస్తరు. ఆమె పోతది, జడ ఇడుస్తది, కరెంటు ఏడ కారుతుందో చూపిస్తది, చాయ్ తాగి వస్తది.

ఊరందరికి అక్కరకొచ్చిన జడ సొంతింట్ల లోకువైంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటరు గద. కొన్ని నెలలసంది జడ స్నానాల గది దిక్కు లేస్తుంది. "నీకు వయసైంది, నీ జడకూ వయసైంది" అని కొడుకు రుద్రేష్ నవ్విండు. అతనికి విత్తనాల దుకాణం ఉంది, లోకంల తనకు తెల్వనిది లేదనుకుంటడు. నీలవ్వకు రోషమొచ్చింది. జడను కొంగు కిందికి తోసి, ఇగ ఆ మాటే ఎత్తలే.

కోడలు భాగ్య గూడ చెప్పింది, స్నానాల గదిల నీళ్ల నల్ల ముట్టంగనే చేతులు తిమ్మిరెక్కుతున్నయని. "వాతం" అని రుద్రేష్ ఓ నూనె సీస తెచ్చిచ్చిండు. వాతమట. స్నానంతోటి వచ్చి స్నానంతోటి పోయే వాతం యాడన్న ఉంటదా? అయినా ఆ పిచ్చిది రోజూ నూనె రాసుకుంది.

గిట్లుండంగ ఆ ఇంటి ఆడిబిడ్డ, రుద్రేష్ చెల్లె అక్షత, కరెంటు కారు కొన్నది. పెండ్లి మాటెత్తితే "బండి కొన్నంక చూద్దాం" అనేది, నిజంగనే కొన్నది. సోమవారంసంది కంగ్టి బడికి టీచర్లను తీస్కపోయి తీస్కరావాలె. మొదటినాడే బండి కదలకుంటె వేరే బండి చూసుకుంటమని వాళ్లు ముందే చెప్పిండ్రు.

"ఆడిపిల్లవు టాక్సీ నడుపుతవా? నలుగుట్ల నా తల యాడ పెట్టుకోవాలె?" అన్నడు రుద్రేష్.

"మెడ మీదనే పెట్టుకో అన్నా. వేరే తావెందుకు?"

ఛార్జర్ ప్లగ్గుకు మూడు కాళ్లున్నయి, వసారాల పాత సాకెట్‌కు రెండే బొక్కలు. రుద్రేష్ కటింగ్ ప్లేయర్ తీసిండు. ఆ వాడకట్టుల ఇది అలవాటే. ఏ ఇంట్ల చూసినా ప్లగ్గులకు రెండు కాళ్లే ఉంటయి, మూడోదాన్ని దుకాణపోడే ఇరగ్గొట్టి ఇస్తడు.

"మూడోది ఉత్తదే, ఆరో ఏలు లెక్క" అన్నడు.

అక్షత ప్లగ్గు గుంజుకుంది. "ఆరో ఏలు కాదన్నా. తొవ్వ తప్పిన కరెంటును భూమిలకు పంపేది అదే. ఆ తొవ్వ నువ్వు కోసేస్తె కరెంటు ఎవరి మీదికెళ్లి పోవాలె?"

ఆమె మాట నెగ్గిచ్చుకుంది. ఎలక్ట్రీషియన్ నగేష్ వచ్చి మీటర్ కాడికెళ్లి బండికి వేరే లావు వైరు గుంజిండు. ఎర్తింగ్‌కు పెరట్ల గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసిండు. మీటర్ పక్కన ఇంటి మొత్తానికి ఓ డబ్బ బిగిచ్చిండు. ఇంట్ల యాడ కరెంటు కారినా టక్కున పడిపోయి కరెంటు బందు చేసే డబ్బ అది. బిగిచ్చి, మనూర్‌ల పెండ్లి పందిరి పనుందని పోయిండు.

ఆదివారం పొద్దుగాల అక్షత బండికి ప్లగ్గు పెట్టింది. టక్ అని డబ్బ పడ్డది. మళ్లా లేపింది. మళ్లా టక్.

"నీ బండికి ఒక్క ట్రిప్పు లేదు గని, నీ డబ్బకు పొద్దుగాలసంది ట్రిప్పులే ట్రిప్పులు" అని రుద్రేష్ నవ్విండు.

అక్షత బండి ప్లగ్గు తీసేసి లేపింది. అప్పుడు గూడ పడ్డది.

"చూడన్నా, బండి లేకున్నా పడుతుంది. ఇంట్లనే యాడనో కారుతుంది. నగేష్‌కు ఫోన్ చేసిన, పని ఒడిసినంక వస్తనన్నడు. అప్పటిదాక ఎవ్వరు ముట్టొద్దు."

"ఇన్నేండ్లు లేని పరేషాన్ గీ డబ్బతోటే వచ్చింది. దాన్ని తప్పిచ్చి వైరు డైరెక్ట్ చేస్త."

"చెయ్యనియ్య."

"ఇల్లు నీదా?"

"నాది గూడ" అని అక్షత మీటర్‌కు అడ్డం నిలబడ్డది. రుద్రేష్ ఆమెను పక్కకు జరిపి స్టూల్ ఎక్కిండు. మెయిన్ తీసి, డబ్బను తప్పిచ్చి వైరు కలిపిండు. ఆలోపల భాగ్య తువ్వాల భుజాన ఏస్కొని స్నానానికి పోయింది. రుద్రేష్ మెయిన్ లేపిండు. డబ్బ కిక్కురుమనలే. ఫ్యాన్ తిరిగింది, గీజర్ ఎర్ర లైటు ఎలిగింది.

"చూసినవా?" అన్నడు.

మీటర్ కింద మంచం మీద నీలవ్వ కూసోనుంది. ఆమె కొంగు కిందికెళ్లి జడ బయటికొచ్చింది, రిబ్బన్ పుటుక్కున తెగింది. నీలవ్వకు కోపమొస్తె కన్నడ వస్తది. లేచి నిలబడి "బేడ" అన్నది, వద్దని. "భాగ్యా, నల్ల ముట్టకు. బేడ, బేడ."

లోపట చెంబుల చప్పుడు, భాగ్యకు ఇనవడలే. అక్షత మెయిన్ మీదికి చెయ్యి చాపితే రుద్రేష్ ఆ చెయ్యి పట్టుకున్నడు. జడ ఒకసారి స్నానాల గది తలుపును చూపిచ్చింది, మళ్లి పైకి లేచి, మెయిన్ పిడికి చుట్టుకొని కిందికి గుంజింది. ఫ్యాన్ ఆగింది.

"కరెంటు ఎవరు తీసిండ్రు?" భాగ్య లోపట్నుంచి అరిచింది. "నల్ల తిప్పుదామని చెయ్యి పెట్టబోయిన, గంతల్నే చీకటైంది."

రుద్రేష్ స్టూల్ దిగిండు.

"అవ్వా, జడ తియ్యి, మెయిన్ వెయ్యాలె."

"బేడ."

"ఎంతసేపు గిట్ల?"

"నగేష్ వచ్చేదాక."

నీలవ్వ కదలలే. తన జడకు తానే కట్టేసుకొని మీటర్ కింద నిలబడ్డది. చాయ్ నిలబడే తాగింది, జొన్నరొట్టె నిలబడే తిన్నది. కాళ్లు గుంజుతున్నా కూసుంటె ఒట్టు. రుద్రేష్ మళ్ల అటు దిక్కు రాలే.

ఎండ వాలినంక నగేష్ వచ్చి గీజర్ ఇప్పిండు. లోపట రాడ్ పగిలి కరెంటు నీళ్లలకు దిగింది. గీజర్ ప్లగ్గు తీసి అరచేతుల పెట్టి చూపిచ్చిండు. రెండే కాళ్లు. మూడోది ఎవరి ప్లేయర్ కొరికిందో ఇంట్ల అందరికి ఎరికే.

భాగ్య ఆ ప్లగ్గును చూసింది, మొగని మొకం చూసింది. లోపటికి పోయి నూనె సీస తెచ్చి ఆయన చేతుల పెట్టింది.

"వాతం నాకు కాదు, నీ గీజర్‌కు. దానికి రాయి" అన్నది.

నగేష్ గీజర్‌ను పక్కకు పెట్టి, డైరెక్ట్ వైరు తీసేసి డబ్బను మళ్ల కలిపి, ప్లగ్గులన్నిటికి మూడో కాలు, సాకెట్లకు మూడో బొక్క పెట్టిండు. డబ్బ మళ్ల పడలే. అక్షత బండి ఛార్జింగ్ నిండింది.

సోమవారం పొద్దుగాల భాగ్య పొయ్యి మీద కాగిన నీళ్లతోటి స్నానం చేసింది. నల్లను గట్టిగ పట్టుకొని చూసింది. ఏం లేదు, సల్లటి ఇనుము. ఓ బకెట్ నీళ్లు తీస్కపోయి పెరట్ల ఎర్తింగ్ గుంతల పోసింది. వసారాల నీలవ్వ జడ అల్లుకుంటుంది. ఇయ్యాల కొంగు కింద దోపలే, ఈపు మీద ఇడిసింది, అది కదలకుండ పండుకుంది.

అక్షత బండి తీస్తుంటే భాగ్య వచ్చి ముందు సీట్ల కూసుంది.

"యాడికి పోతున్నవ్?" అన్నడు రుద్రేష్, వాకిట్ల నిలబడి.

"ట్రిప్పుకు."

"ఇంట్ల పని?"

"నిన్న నువ్వు నన్ను పంపబోయిన ట్రిప్పుకు పోతె, ఇంట్ల పని ఎవరు చేస్తుండె?" అని భాగ్య డోర్ ఏసుకుంది. "పోనీ అక్షతా, టీచర్లు చూస్తుంటరు."