దించని రాయి

చల్లటి రాయి. అరచేతిలో.

ఫిబ్రవరి పొద్దు ఇంకా సరిగ్గా తెల్లారలేదు. ఆరావళి కొండ మొదట్లో ఏరుకున్న రాయి — కోడిగుడ్డంత. గుప్పిట మూస్తే ఒక గరుకు అంచు వేలికి గుచ్చుకుంటుంది.

"మీ మనసులో బరువంతా ఈ రాయికి ఇచ్చేయండి," అన్నాడు ట్రైనర్ హిందీలో, తేనె పూసిన గొంతుతో. "పైకి వెళ్ళాక అక్కడే వదిలేసి, తేలిగ్గా దిగిరండి."

ఆఫీసు నుంచి ఇరవై మంది. ఒకే రంగు టీషర్టులు. తలా ఒక రాయి.

వాసవి బరువేమిటో ట్రైనర్‌కి తెలియదు. హెచ్ఆర్‌లో పనిచేసే భవ్యశ్రీకి తెలుసు. లిఫ్టులో మేనేజర్ చెయ్యి వాసవి నడుము మీద పడింది — ఒకసారి కాదు, మూడుసార్లు. ఫిర్యాదు రాసిచ్చింది. జవాబుగా రెండు వచ్చాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సోమవారంలోగా సంతకం పెట్టమని ఒక కాగితం. మనశ్శాంతి కోసం ఈ నడక.

మనశ్శాంతి అట!

అడుగు. ఊపిరి. అడుగు.

మాట్లాడొద్దన్నారు. ఫోన్లు తీసేసుకున్నారు. ఏది ఎదురైతే దాన్ని గమనించండి, మంచీ చెడ్డా అనకండి అన్నారు.

సరే. గమనించింది.

బూటు కింద నలిగే గులక. ఎక్కడో నెమలి అరుపు. దారికి రెండు పక్కలా ముళ్ళ కంప — అచ్చం నరసరావుపేట రోడ్డు పక్కన ఉండే సర్కారు తుమ్మే. ఎవరూ నీళ్ళు పోయకుండానే ఇక్కడా బతికేస్తోంది. దూరంగా పొగమంచులో గుర్‌గావ్ అద్దాల మేడలు.

అడుగు. ఊపిరి. అడుగు.

ఇంకా గమనించింది. దవడ బిగుసుకుని ఉంది. నడుము మీద ఆ చోటు... ఇప్పటికీ తెలుస్తోంది. కడుపులో కోపం ఉంది. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఉంది, అంతే.

ఇన్నాళ్ళూ ఆ కోపాన్ని చూసి తనే సిగ్గుపడింది. చిన్నదానికి పెద్ద రభస చేస్తున్నానా అని తనని తనే నిలదీసుకుంది. నోరు మూసుకుని నడిచిన ఈ గంటలో మొదటిసారి దాన్ని తిన్నగా చూసింది.

రభస కాదు. న్యాయమైన కోపం. తనది.

కొండ కొన. రాళ్ళ కుప్ప. ఒక్కొక్కరే వచ్చి రాయి పెడుతున్నారు. ఎవరో ఏడ్చారు కూడా. పాపం, వాళ్ళ బరువు వాళ్ళు దించుకోనీ. మేనేజర్ కూడా పెట్టాడు — కళ్ళు మూసుకుని, ఎంత శాంతంగానో!

వాసవి వంతు.

భవ్యశ్రీ పక్కకొచ్చి నిలబడింది. హైదరాబాద్ తెలుగు, చెవిలో, మెల్లగా.

"వదిలెయ్ వాసవీ. మనోళ్ళం కాబట్టి చెప్తున్న. ఎందుకీ లొల్లి నీకు? ఇక్కడ పెట్టేసెయ్... ఠీక్ హై?"

ఢిల్లీ వచ్చి నాలుగేళ్ళు. ఆఫీసులో తెలుగు మాట వినపడితే ప్రాణం లేచొచ్చేది. ఈ రోజు రాలేదు.

"ఇక్కడ పెడితే తేలికయ్యేది ఆయనకండీ," అంది వాసవి. "నాకు కాదు."

గుప్పిట విప్పలేదు. అలాగే దిగింది.

అడుగు. ఊపిరి. అడుగు.

ఉద్యోగం పోతుందేమో అన్న భయం. అదీ గమనించింది. దాన్నీ ఉండనిచ్చింది.

మెట్రో స్టేషన్‌లో ఎక్స్‌రే మెషిన్ దగ్గర బ్యాగు ఆపారు. లేడీ కానిస్టేబుల్ రాయిని తిప్పి తిప్పి చూసింది.

"యే క్యా హై, మేడమ్?"

"పత్థర్."

"కిస్ లియే?" ఎందుకని అడిగింది.

"మేరా హై." నాది, అంతే.

ఆమె వాసవి ముఖంలోకి చూసింది. ఏం కనపడిందో ఏమో. రాయి తిరిగి చేతిలో పెట్టి, "జాయియే దీదీ," అంది.

వైశాలి స్టేషన్‌లో దిగాక కూడా దాన్ని మళ్ళీ బ్యాగులో వేయలేదు.

ఇల్లు. టేబుల్ మీద ఆ కాగితం. సోమవారం ఎల్లుండే. బాల్కనీ తలుపు తీయగానే గాలికి కాగితం రెపరెపలాడింది. గుప్పిట విప్పి రాయి దాని మీద పెట్టింది... సరిగ్గా సంతకం పెట్టాల్సిన చోట.

పెన్ను కోసం వెతకలేదు.

రాయి. కాగితం మీద. ఇంకా వెచ్చగా.