నెఫిసె కళ్ళు మూసుకునే ఉంది

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే: నేను చూపు తిప్పుకున్న ఆ ఒక్క క్షణంలో నా కూతురు ఐసెల్ ఊపిరి ఆగిపోతుందేమోనని. దానికి తొమ్మిది నెలలు. బిడ్డ భేషుగ్గా ఉందని డాక్టరు చెప్పాడు. మా అత్త అయితే, "నువ్వు మాటిమాటికీ దాని ముక్కు దగ్గర వేలు పెడుతుంటే ఊపిరాడనిది దానికి కాదే, నాకు" అంటుంది. అయినా నా బుద్ధి మారదు.

ఫొటోలు తీయడం నేర్చుకున్నది కూడా ఈ భయంతోనే. ఏడో తరగతిలో నన్ను బడి మానిపించి పొగాకు దండలు గుచ్చడానికి కూర్చోబెట్టారు. కెమెరా గురించి ఏ పుస్తకమూ చదవలేదు. నా భర్త మెహ్మెద్ ఇళ్ళు కట్టే పనికి రాజధాని సోఫియా వెళ్ళినప్పుడు, ఎవరో వాడి వదిలేసిన డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చిచ్చాడు. పాప నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఆ మూసిన రెప్పలనే వందలసార్లు తీశాను. తెరమీద పెద్దది చేస్తే వెంట్రుక వెంట్రుకా కనిపించేది. వరసగా తీసిన రెండు ఫొటోల్లో రెప్ప కాస్త కదిలినట్టు తెలిస్తే నాకు ప్రాణం లేచివచ్చేది. మూసిన కన్నును మా రోడోపి కొండల్లో నాకంటే ఎక్కువ చూసినవాళ్ళు ఉండరు. గొప్పకే చెబుతున్నాను.

మొన్న ఫిబ్రవరిలో నెఫిసె పెళ్ళి అయింది. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని పొగాకు గుచ్చిన పిల్ల. ఫొటోలు నన్నే తీయమంది. మా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళను అలంకరించే సబిహె అవ్వ రెండు గంటలు కూర్చుని ఆమె ముఖమంతా, రెప్పలతో సహా, తెల్లని పూత దట్టంగా పూసి, దానిమీద రంగురంగుల చమ్కీలు అతికించింది. అక్కడినుంచి మసీదు హోజా వచ్చి దువా చదివి దీవించేవరకు పెళ్ళికూతురు కళ్ళు తెరవకూడదు, పెదవి కదపకూడదు. తెరిస్తే ఆ కాపురానికి కీడు.

నెఫిసెను పెళ్ళికొడుకు వాకిట్లో మంచుమీద నిలబెట్టారు. నా కెమెరా ఆ చమ్కీల్లో కన్ను కోసం వెతికి వెతికి అలసిపోయింది. తనంతట తానే చూపు కుదుర్చుకునే దాని తెలివిని ఆపేసి, లెన్సు చేత్తోనే తిప్పుకుంటూ రెప్ప వెంట్రుకల మీద నిలిపాను.

పెళ్ళికొడుకు తమ్ముడు వెజ్ది కొత్త ఫోను పట్టుకుని పక్కకొచ్చాడు.

"ఏంటి వదినా ఆ తిప్పడం, కాఫీ గింజలేమైనా విసురుతున్నావా?"

"నీకూ ఒక కప్పు పోస్తాలే, ఉండు."

"నా ఫోను చూడు. తీసింది తీసినట్టు ఉంచదు. అదే బాగుచేసి పెడుతుంది."

అంటూనే నెఫిసెను ఒక ఫొటో తీశాడు. ఫోను బాగానే చేసింది. అరగంటలో ఆ ఫొటో ఊరందరి ఫోన్లకూ చేరింది. పెళ్ళికొడుకు తల్లి ఎమినె అత్త వంటింట్లోంచి పిండి చేతులతోనే బయటికొచ్చింది. ఆ ఫొటోలో నెఫిసె కళ్ళు బార్లా తెరిచి చూస్తోంది.

"హోజా ఇంకా గుమ్మం తొక్కనే లేదు. ఈ పిల్ల అప్పుడే లోకమంతా చూసేసిందా?" అంది. "నా కొడుకు కాపురమంటే దీనికి లెక్కలేదన్నమాట. హోజాను రావద్దని కబురు పెట్టండి."

నెఫిసె అక్కడే ఉంది. నోరు విప్పకూడదు, కళ్ళు తెరవకూడదు. కాదని చెప్పడానికి ఆమెకు దారే లేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి. పూత తడిసి కంటి దగ్గర చీలింది.

"అదిగో, పూత కూడా పగిలింది" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

పెద్దవాళ్ళ మధ్య మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా ముందుకెళ్ళాను.

"అత్తా, ఈ ఫొటోలో కళ్ళు ఏ రంగు?"

"నల్లగా ఉన్నాయి. అయితే?"

"నెఫిసె కళ్ళు ఏ రంగు?"

ఆమె ఫోనులోకి మళ్ళీ వంగి చూసింది. నెఫిసెవి పచ్చి ద్రాక్షలాంటి కళ్ళని ఊరందరికీ తెలుసు.

నా కెమెరా ఆమె ముందు పెట్టాను. నెఫిసె వాకిట్లోకి వచ్చినప్పటినుంచి తీసినవి నలభై ఫొటోలు, ఒక్కొక్కదానికీ గంటా నిమిషం ఉన్నాయి. వెజ్ది ఫొటో తీసిన నిమిషంలోనిది కూడా ఉంది. దాన్ని పెద్దది చేశాను. రెప్ప మూసిన చోట తెల్లని పూత, కొత్తగా సున్నం వేసిన గోడలా, గీత పడకుండా ఉంది. సబిహె అవ్వ తెరకు ముక్కు ఆనించి చూసింది.

"నా చేత్తో పూసిందే. కన్ను తెరిచుంటే ఇక్కడ పెచ్చులుగా రాలిపోదూ? ఏడిపించి పగలగొట్టింది మీరు."

వెజ్ది తల గోక్కున్నాడు. "మూసిన కళ్ళను ఆ ఫోనే తెరిచేస్తుందమ్మా. మూసుంటే పొరపాటనుకుంటుంది."

"అట్లాగా," అంది ఎమినె అత్త. "అయితే నీ ఫోనుకే పూత పూసి వాకిట్లో నిలబెట్టాల్సింది."

ఆడవాళ్ళు నవ్వారు. అవ్వ చీలిక సరిచేసింది. హోజా వచ్చాడు.

కొత్త యంత్రాలంటే నాకు కోపం లేదు. ఐసెల్ కడుపులో ఉన్నప్పుడు ఆసుపత్రి తెరమీద దాన్ని మొదటిసారి చూశాను, అంతా బూడిదరంగు చుక్కలు. ఆ యంత్రం నా బిడ్డకు నవ్వు అతికించలేదు. గుండె కొట్టుకుంటోందని చూపించింది, అంతే. నాకు అదే కావాలి. కన్నంటే తెరిచే ఉండాలని ఫోనుకు నేర్పినవాళ్ళు నిద్రపోయే బిడ్డ పక్కన ఎన్నడూ కూర్చుని ఉండరు. నేను కూర్చున్నాను. అందుకే ఆ రోజు ఒక పిల్ల మాట దక్కింది. బడి మానేసిన దాన్ని, పాత కెమెరా దాన్ని, నేనే దక్కించాను.

నెఫిసె మూసిన రెప్పల ఫొటో పెద్దగా వేయించి ఎమినె అత్తకు ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని అందుకుని, "గోడకు పెడతాలే" అంది. ఆ తర్వాత పాపకు దగ్గు పట్టుకుంది. పన్నెండు రోజులుగా గడప దాటలేదు. నెఫిసె కాపురముంటున్న ఆ పై వీధి ఇల్లు మా కిటికీలోంచి కనిపించదు. మీలో ఎవరికైనా అటువైపు పని పడితే ఆ తలుపు తట్టండి. ఫొటో గోడమీద ఉందో లేదో తర్వాత సంగతి. నెఫిసె ఎట్లా ఉందో ఒకసారి చూసిరండి.