బొంతసూదీ బరకపొడీ

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టర్‌ని. నడుం కాస్త లావని అందరూ అంటుంటారు గానీ, నెత్తిన ఒక గిన్నె, కింద ఒక గిన్నె ఉన్నవాళ్ళకి నడుం సన్నగా ఎట్లా ఉంటుందో ఆ అనేవాళ్ళే చెప్పాలి. నా పై గిన్నె అడుగున సన్నటి చిల్లులుంటాయి. వాటి మీద కాఫీ పొడి వేసి, గొడుగులాంటి చిన్న బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగే నీళ్ళు పోస్తే, నేను తొందరపడకుండా చుక్కా చుక్కా కిందికి వదులుతాను. ఆ చుక్కలనే మీరు డికాక్షన్ అంటారు. నా బతుకంతా ఆ చిల్లుల్లోనే ఉంది. పూడిపోతే పనికిరాను, పెద్దవైతే అసలే పనికిరాను.

పుట్టింది ఇత్తడి గిన్నెలు చేసే ఊరు అజ్జరంలో. అక్కడ కోడి కూసే లోపే సుత్తి మోగుతుంది. నన్ను చేసిన కంచరి మిగతా పనంతా కబుర్లు చెబుతూనే చేశాడు గానీ, నా అడుగు రేకు ఒళ్ళోకి తీసుకున్నాక నోరు మూసేశాడు. ఒక్కో చిల్లుకి ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ పడిందా, చిల్లు సాగిపోతుంది. భార్య అన్నానికి పిలిస్తే "చిల్లుల్లో ఉన్నానే" అని కేకేశాడు తప్ప తల ఎత్తలేదు. చివర్న లోపలంతా తగరంతో కళాయి పూసి, బయట మెరుగు పెట్టి, ఎండకి పట్టుకుని నా చిల్లుల్లోంచి ఆకాశాన్ని చూశాడు. మనుషుల గురించి నాకు ఏర్పడిన మొదటి అభిప్రాయం అది. మంచి అభిప్రాయమే. ఇప్పటికీ పెద్దగా మార్చుకోలేదు.

తెనాలిలో ఒక గిన్నెల కొట్టుకి చేరాను. అక్కడ నన్ను ఎంచుకున్నది ప్రసూన. కొత్తగా కాపురానికి వచ్చిన మనిషి. కొట్టాయన ధగధగలాడేవి నాలుగు ముందు పెడితే, ఆవిడ మెరుపు వైపు చూడనే లేదు. మూత తీసి పెట్టి చూసింది. పై గిన్నె కిందిదాని మీద కదలకుండా కూర్చుందా లేదా అని ఊపి చూసింది. చెంబుడు నీళ్ళు అడిగి పోసి, చిల్లులన్నిటి నించీ సమంగా పడుతున్నాయా అని వంగి చూసింది. ఆఖరికి ఒక కన్ను మూసి వెలుతురుకెత్తి పట్టుకుంది.

"ఏందమ్మా, పెళ్ళికొడుకునైనా ఇంతగా చూసుంటావా?" అన్నాడు కొట్టాయన.

"అప్పుడు చూడనివ్వలేదండీ. అందుకే ఇప్పుడు చూస్తున్నా" అంది. ఆ పెళ్ళికొడుకు పక్కనే సంచీ పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు.

గిన్నె కొంటే పేరు కొట్టించాలి. పేరంటాలకీ పెళ్ళిళ్ళకీ గిన్నెలు ఇళ్ళు మారుతుంటాయి గనక, ఏది ఎవరిదో తెలియాలి. నా కడుపు మీద చుక్కలు చుక్కలుగా 'ప్రసూన' అని పడింది. ఆ రోజు నించీ నాకొక ఇల్లు ఉంది.

ఇంటాయన సదాశివరావు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఆయన బజారు మొదట్లో కనపడితే చివరి కొట్లో తక్కెడ కూడా బుద్ధిగా నిలబడేదట. అరతులం తేడా ఉన్నా జరిమానా వేసేవాడు. కాఫీ దగ్గరా అంతే. పొడి సన్నంగా ఉండాలి, చెంచా గీసి వెయ్యాలి. ప్రసూనకి ఆమె పద్ధతులు ఉండేవి. చింతపండు నా బయటికే తప్ప లోపలికి తగలనిచ్చేది కాదు, కళాయి పోతుందని. స్టీలు ఫిల్టర్లకి చిల్లులు పూడితే పొయ్యి మీద కాల్చుకోవచ్చు, నన్ను అట్లా పెడితే తగరం కరిగి కారుతుంది. అందుకని వేడి నీళ్ళు, మెత్తటి బ్రష్షు, ఆ తర్వాత ఎండలో బోర్లించడం. తడి మీద మూత పెడితే ముక్కవాసన వస్తుందని రోజూ ఎవరికో ఒకరికి చెప్పేది. పాలు కాగిన చప్పుడు, ఆవిడ గాజుల చప్పుడు, నా చుక్కల చప్పుడు కలిసి ఆ ఇంట్లో తెల్లవారేది.

పిల్లల్లేరు. సదాశివరావు రిటైరయ్యే ముందు సంవత్సరం ప్రసూన జబ్బుచేసి కన్నుమూసింది. మర్నాడు కాదు, ఆ మర్నాడు కాదు, ఎన్నాళ్ళకో ఆయన వంటింట్లోకి వచ్చి నన్ను దించాడు. కడగడం రాదు. తడి మీదే మూత పెట్టేశాడు. నేను కంపుకొట్టాను. ఆయన నన్ను వాసన చూసి, గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లేచి మళ్ళీ కడిగి ఎండలో బోర్లించాడు. ఆ రోజు నించీ ఒక్క పూటా మరిచిపోలేదు. నేర్చుకోవడానికి సిగ్గుపడని మగవాణ్ణి చూస్తే నాకు మహా గౌరవం.

కొన్నేళ్ళ తర్వాత ఆయన అక్కగారు పట్టుబట్టి మళ్ళీ పెళ్ళి చేసింది. వచ్చినావిడ పేరు భ్రమరాంబ. అమలాపురం పక్క మనిషి. ఆడపిల్లల స్కూల్లో కుట్టు టీచరుగా చేస్తూ, చెల్లెళ్ళని ఒడ్డున పడేసేసరికి తన పెళ్ళి వయసు దాటిపోయింది. యాభై దాటాక గుళ్ళో దండలు మార్చుకుని, ఒక ట్రంకుపెట్టె, కుట్టుమిషను, సూదుల డబ్బాతో తెనాలి వచ్చింది. అప్పటిదాకా ఆవిడ తాగింది టీ.

సదాశివరావు చెడ్డవాడు కాడు, కానీ ఆవిణ్ణి "మీరు, మీరు" అనేవాడు. కూరలు మీ ఇష్టం, బీరువా తాళాలు ఇవిగో అన్నాడు. నా విషయానికి వచ్చేసరికి మాత్రం, "దాన్ని నేను చూసుకుంటాలెండి" అని చేతిలోంచి తీసుకునేవాడు. ఆవిడ పక్కకి జరిగి నిలబడేది. రోజూ నా కడుపు మీది పేరు చదివేది. ఒకసారి చెల్లెలితో ఫోన్లో అంటుంటే విన్నాను.

"బాగానే చూసుకుంటున్నారే. ఏ లోటూ లేదు. కానీ కాపురానికొచ్చినట్టు లేదే, చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయినట్టుంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ వయసులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ఇంట్లో వంటగది దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. అడ్డంగా కూర్చున్నది నేనే. దిగమంటే నేను దిగగలనా?

ఆ రోజుల్లో నా చిల్లులు పూడుకుపోయాయి. కాఫీ జిడ్డు కొంత, తెనాలి నీళ్ళ సున్నం కొంత. డికాక్షన్ దిగక, సదాశివరావు పొద్దున్నే చెంచాతో నా నెత్తి మీద టకటకలాడించి విసుక్కునేవాడు. భ్రమరాంబ అది చూసింది. ఒకనాడు ఆయన పింఛను పని మీద గుంటూరు వెళ్ళగానే నన్ను ముందు పెట్టుకుని కూర్చుంది. బ్రష్షుతో తోమింది, లాభం లేకపోయింది. వెంటనే సూదుల డబ్బా తెరిచింది. కుట్టు టీచరు కదా, చిక్కు ఏదైనా ఆవిడ చెయ్యి అటే పోతుంది. మామూలు సూది వంగిపోయింది. అప్పుడు బొంతలు కుట్టే సూది తీసింది.

ఇత్తడి మెత్తన, బొంతసూది మొండి. నాకు ఒళ్ళంతా జివ్వుమంది. ఆవిడ మాత్రం వరస తప్పకుండా, ఒక్క చిల్లు వదలకుండా, కాజాలు కుట్టినంత ఓపికగా పొడుచుకుంటూ పోయింది. ఓపికలో ఆవిడ అజ్జరం కంచరికి ఏమాత్రం తీసిపోదు. చివరికి నన్ను వెలుతురుకెత్తి పట్టుకుని, ఇంతింత వెలుగు కనపడేసరికి మురిసిపోయింది. నేను సర్వనాశనమయ్యానని ఆవిడకి ఎవరు చెబుతారు?

మర్నాడు సదాశివరావు నీళ్ళు పోశాడు. చుక్కల్లేవు, ధారే. పొడితో సహా బొళబొళా కిందికి దిగిపోయింది. ఆయన పై గిన్నె ఎత్తి కిటికీ వైపు పట్టుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. వెనక భ్రమరాంబ కొంగుకి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నిన్న నేనే శుభ్రం చేశానండి. బాగా దిగుతోందా అండి?"

అరతులానికి జరిమానా వేసే మనిషి. పైగా అది ప్రసూన వస్తువు. ఆయన వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు.

"బ్రహ్మాండంగా దిగుతోంది" అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి! ఇన్‌స్పెక్టరు అబద్ధమాడడు. ఆ చారునీళ్ళలాంటి కాఫీ కలుపుకుని, గ్లాసు అడుగున మడ్డి కనపడితే ఆవిడకి అనుమానం వస్తుందని, ఆ మడ్డితో సహా మింగేశాడు. నేను ఎంతోమంది కాఫీ తాగడం చూశాను గానీ అంత గొప్పగా తాగినవాణ్ణి చూడలేదు.

సాయంత్రం పొడి డబ్బా పట్టుకుని పానకాలు కొట్టుకి వెళ్ళాడు. గింజలు వేయించి మర పట్టే కొట్టు అది. తెచ్చిన పొడి రవ్వలా ఉంది. దాంతో డికాక్షన్ మరీ పలచనైంది. మళ్ళీ వెళ్ళాడు, ఇంకాస్త సన్నంగా తెచ్చాడు. బిళ్ళతో కాస్త గట్టిగా అదిమాడు, నీళ్ళు రెండు విడతలుగా పోశాడు. నాలుగైదుసార్లు తిరిగాక ఒక పొద్దున నా సాగిన చిల్లుల మీద ఆ బరకపొడి సరిగ్గా నిలిచి, మళ్ళీ చుక్కా చుక్కా దిగింది. బతుకంతా ఊళ్ళోవాళ్ళ కొలతలు సరిచేసిన మనిషి తన కొలత తను సరిచేసుకున్నాడు. ఆ పొద్దునే భ్రమరాంబతో అన్నాడు.

"రేపట్నించి కాఫీ మీరే కలపండి. మీ చేతికి బాగా దిగుతోంది."

ఆవిడ సంతోషం చెప్పలేను. త్వరలోనే మంచి చెయ్యి తిరిగింది, తనూ టీ మానేసి కాఫీలో పడింది.

కొన్ని నెలలకి సదాశివరావు మోకాలు పట్టేసింది. పొడి కోసం భ్రమరాంబే వెళ్ళింది. అక్కడ జరిగింది పొడి డబ్బా వచ్చి నాకు చెప్పింది.

"సారుగారి బరకపొడేగా అమ్మా?" అన్నాడట పానకాలు. "ఇదివరకు మెత్తగా పట్టమనేవాడు. ఫిల్టరు చిల్లులు సాగినయ్యంట. కొత్తది కొనుక్కోండి సారూ అన్నా. 'ఫిల్టరు మారిస్తే ఎందుకు మార్చారని ఆవిడ అడుగుద్దయ్యా, పొడి మారిస్తే ఎవరికి తెలుస్తది?' అన్నాడు." అనేసి నాలిక కరుచుకున్నాడట. అప్పటికే చెప్పాల్సిందంతా చెప్పేశాడు.

ఆవిడ ఇంటికొచ్చి నన్ను వెలుతురుకెత్తి చూసింది. ఈసారి మురిసిపోలేదు. "అయ్యో అక్కయ్యా, నీ వస్తువు పాడుచేశాను కదా" అని నా మీది పేరుతో అంది. మర్నాడు నన్ను కొలతకోసం సంచీలో వేసుకుని గిన్నెల కొట్టుకి బయల్దేరింది.

స్టీలువి ముందు పెట్టారు. భ్రమరాంబ మూత తీసి పెట్టి చూసింది. పై గిన్నె ఊపి చూసింది. నీళ్ళు అడిగి పోసి చూసింది. ఒక కన్ను మూసి వెలుతురుకెత్తి పట్టుకుంది. నేను నిర్ఘాంతపోయాను. ఆవిడకి ఎవరూ నేర్పలేదు, నాతో పడ్డ పాట్లే నేర్పాయి. పేర్లు కొట్టే అతను మిషను పట్టుకుని "పేరేం కొట్టమంటారమ్మా?" అని అడిగాడు. ఆవిడ సంచీలో నా వైపు చూసి, "వద్దులే బాబూ" అంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా, ఇంక నా పని అయిపోయిందని అక్కడే తెలుసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

ఇంటికొచ్చి మా ఇద్దర్నీ సదాశివరావు ముందు పెట్టింది.

"దీన్ని పాడుచేసింది నేనేనండి. పానకాలు చెప్పాడు. ఇన్నాళ్ళూ నా మీద జాలిపడి తాగారా అండి?"

ఆయన కొత్తదాన్ని తీసుకుని చిల్లులు చూశాడు. "మంచిదే ఎంచారు. కానీ ఇంట్లో ఉన్న పొడి దీనికి పనికిరాదు."

"సన్నపొడి తెచ్చుకుందాం అండి. అక్కయ్య ఉన్నప్పటిలాగా."

"ఆమె ఉన్నప్పుడు సన్నపొడి. అది ఆ కాపురం" అన్నాడు సదాశివరావు. "జాలిపడితే నాలుగు రోజులు తాగుతారు గానీ ఇన్ని నెలలు తాగుతారా? నాలిక్కి ఇదే పట్టింది. మన ఇంటి పొడి బరకపొడి." అని, కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పాడు. "పేరు కొట్టించలేదే?"

భ్రమరాంబ నా కడుపు మీది పేరుని వేలితో తడిమింది. తర్వాత అంది. "ఈ ఇంట్లో నా పేరు ఎక్కడుందండి, దీని మీద ఉండడానికి?"

సదాశివరావు మోకాలు పట్టుకుని లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. కొత్తదాన్ని కాదు, నన్ను సంచీలో పెట్టుకున్నాడు.

"పద" అన్నాడు ఆవిడతో. 'పదండి' కాదు.

కొట్లో అతను నన్ను తిప్పి చూసి, "పాత పేరు అరగదీసి కొట్టమంటారా సార్?" అన్నాడు. సదాశివరావు నోరు తెరిచే లోపే భ్రమరాంబ గట్టిగా అంది. "వద్దు బాబూ! అది మా అక్కయ్య పేరు. దాని కిందే కొట్టు."

ఇప్పుడు నా కడుపు మీద రెండు పేర్లున్నాయి. కొత్త స్టీలాయన పై అరలో కూర్చుని, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం సన్నపొడితో దిగి పెద్దరికం చూపిస్తాడు. రోజూ పని నాదే. పొద్దున్నే భ్రమరాంబ నన్ను కడిగి ఎండలో బోర్లిస్తుంది, సదాశివరావు వచ్చి తడి ఆరిందా లేదా అని వేలు పెట్టి చూస్తాడు. ఇరుగు పొరుగు ఆ రెండు పేర్లు చదివి, ఆయనది ఎంత పెద్ద మనసో అంటారు. నేను లోలోపల నవ్వుకుంటాను. ఆవిడ తన పేరు బొంతసూదితో నా అడుగున ఎప్పుడో రాసేసింది. పైన కొట్టించింది మీరంతా చదువుకోవడానికి. ఆయన మాత్రం మొదటి రోజే, కిటికీ దగ్గర నిలబడి చదివేశాడు.