అడుగున ఎర్రచుక్క

సైన్సు టీచరమ్మ తొమ్మిదో తరగతిలో ఎయిడ్స్ పాఠం ఎక్కడా తడబడకుండా చెప్పింది. రక్షణ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూది, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డకు. హెచ్ఐవీ సోకే దారులివీ, జాగ్రత్త పడాల్సింది ఇక్కడా అని వివరించింది.

"దోమ కుడితే, టీచర్?" వెనక బెంచీ నుంచి ఒకడు.

"దద్దుర్లొస్తాయి, హెచ్ఐవీ రాదు. నిన్ను కుడితే ఆ దోమకే నిద్రొస్తుంది, కూర్చో."

క్లాసంతా గొల్లుమంది. ఆ ఊపులో ఆమె ముందు బెంచీ పిల్ల నీళ్ల సీసా అందుకుని, మూతి పెట్టి గటగటా తాగింది. "ఎంగిలితో రాదు. కలిసి తింటే రాదు. అర్థమైందా?"

అందరూ తలూపారు. మూడో బెంచీలోని సొంత కూతురు బుజ్జి మాత్రం తల్లినే చూస్తూ కూర్చుంది.

ఆ చూపెందుకో టీచరమ్మకు తెలుసు. టైలరు పని చేసే తమ్ముడికి హెచ్ఐవీ అని తేలినప్పటి నుంచి ఇంట్లో వాడి గ్లాసు వేరు. స్టీలు గ్లాసులన్నీ ఒకే తీరుగా ఉన్నాయని, వాడిదాని అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టింది. వాడు వచ్చినప్పుడల్లా అందులోనే తాగి, తనే కడిగి, కిటికీలో బోర్లించి పోయేవాడు.

ఆ సాయంత్రం తమ్ముడు మేనకోడలికి యూనిఫాం కుట్టి తెచ్చాడు. నీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లి ఆగిపోయాడు. కిటికీ ఖాళీ. స్టాండులో బోర్లించిన గ్లాసులన్నిటికీ ఎర్రచుక్కలే.

"అక్కా, ఇందులో నాదేది?"

"అమ్మనే చెప్పమను మామయ్యా," అంది బుజ్జి. దాని వేళ్లకు రంగు ఇంకా అంటుకునే ఉంది. "పొద్దున అంతమందికి చెప్పింది కదా."

"ఏయ్, మా అక్కని ఏడిపించకు. నాకు గ్లాసెందుకే?" అంటూ వాడు కుళాయి కింద దోసిలి పట్టబోయాడు.

టీచరమ్మకు తలకొట్టేసినట్టయింది. చేతికందిన గ్లాసుతో నీళ్లు పట్టి ఇచ్చింది. వాడు తాగి, అలవాటు కొద్దీ కడగబోతే లాక్కుంది. అడుగున గుక్కెడు నీళ్లు మిగిలి ఉన్నాయి.

పొద్దున ఆ సీసా ఆరోగ్యంగా ఉన్న పిల్లది కాబట్టే తను తాగగలిగిందని అప్పుడు తెలిసింది ఆమెకు.

గట్టిగా కళ్లు మూసుకుని, చేదుమందు మింగినట్టు ఆ గుక్కెడూ మింగింది.

కళ్లెందుకు మూసుకున్నావని తమ్ముడూ అడగలేదు, కూతురూ అడగలేదు.