ఎవరూ కాదనని ప్రతిపాదన

ఎవరూ కాదనకపోతే అందరూ ఔనన్నట్టేనా? మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల రోజు ఉదయం నాకు నేను వేసుకున్న ప్రశ్న ఇది.

అమెరికాలోని మా డులూత్ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతిపాదనను ఆఫీసు చాట్ గ్రూపులో పెడతాం. మధ్యాహ్నంలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మేము తయారుచేసేది ఉత్తరాలూ వ్యాసాలూ రాసుకునే సాఫ్ట్‌వేర్. ఈసారి అందులో మా ప్రోగ్రామర్ వెండెల్ ఒక సదుపాయం చేర్చాడు: వణికే వేలు ఒకే అక్షరాన్ని వెంటవెంటనే రెండుసార్లు తాకితే, ఒక్కసారే పడుతుంది. దానిని అందరికీ ముందే ఆన్ చేసి పంపుదామని నేను ప్రతిపాదించాను. ఎవరూ పలకలేదు.

ఆ నిశ్శబ్దం మరీ సులువుగా దొరికినట్టనిపించి, ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే పాలెట్ దగ్గరకు వెళ్లాను.

"నా ప్రతిపాదన చదివావా?"

"ఆ గ్రూపులోదా? పోయిన వారమే దాని నోరు నొక్కేశాను గ్లెన్. పొద్దస్తమానం టింగుటింగుమంటుంటే ఎవరు భరిస్తారు?" సూప్ తాగుతూ సంగతి విని, చెంచా కింద పెట్టింది. "అంటే గబగబా టైపు చేసేవాళ్లు కావాలనే రెండుసార్లు కొట్టిన అక్షరాలు కూడా మింగేస్తుందా? సోమవారం నుంచి తిట్లన్నీ నాకే. ఆఫ్ చేసి పంపు బాబూ. కావలసినవాళ్లు వెతుక్కుంటారు."

పక్క బల్ల దగ్గర వెండెల్ నవ్వాడు. "వెతుక్కుంటారా? ఆ సెట్టింగుల పేజీ రాసింది నేనే. నాకే దొరికి చావదు." కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. కొంతకాలంగా అలాగే పట్టుకుంటున్నాడు. "ఆఫ్‌లో పెడితే ఎవరూ వాడరు. ఎవరూ వాడట్లేదని వచ్చేసారి పీకేస్తారు. అంతేగా."

"అక్షరాలు రెండేసి పడుతుంటే నీకు మొదట్లో ఏమనిపించింది?" అని అడిగాను.

"కీబోర్డు పాడైందనుకున్నా. మార్చా. ఆ తర్వాత, పాడైంది నేనేననుకున్నా. అలాంటిది ఎవరికి ఫోన్ చేసి చెప్పుకుంటాం?"

నా కుర్చీకి తిరిగి వచ్చాను. ముఖం తెలియని మనుషుల తరఫున నిర్ణయాలు తీసుకోవడంలో ఒక అలసట ఉంది. అది నిద్రతో తీరదు. ఎటు మొగ్గినా ఎవరికో అన్యాయం జరుగుతుంది. అక్షరం పోగొట్టుకున్నవాడికి కోపం వస్తుంది. కోపం వచ్చినవాడు ఫోన్ చేస్తాడు, అడిగి ఆఫ్ చేసుకుంటాడు. చేయి వణికేవాడికి వచ్చేది సిగ్గు. అతడు రాయడం మానేస్తాడు. అతని నుంచి మాకు ఏ ఫిర్యాదూ రాదు. రాని ఫిర్యాదును సంతృప్తి అనుకుని మేము హాయిగా ఉంటాం.

పాలెట్ వైపు తిరిగాను. "ఆన్‌లోనే పంపుతున్నాను. దీని మీద వచ్చే ఫోన్లు నాకు మళ్లించు."

"అన్నీనా? ఆలోచించుకో మహానుభావా. వాళ్ల నోళ్లు నీకు తెలియవు."

"అన్నీ."

ఆమె నా నంబరు రాసుకుంటుండగానే విడుదల చేసేశాను.