పిండి చేతులు

రెడ్డెమ్మ చేతులు ఒకచోట నిలవడం లేదు. పిండి మెత్తబడి చాలాసేపయినా పిడికిళ్ళతో కుమ్ముతూనే ఉంది. మధ్యలో లేచి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. కిటికీలోంచి బడి గేటు వైపు చూసింది. గేటు అవతల ఇరాకీ సైనికుడొకడు తుపాకిని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని పుచ్చకాయ తింటున్నాడు. ఆమె మళ్ళీ వచ్చి పిండి ముందు కూచుంది.

నలభై దాటిన పొట్టి మనిషి. బట్టల సోడాకు అరచేతులు పగిలి గీతలు పడ్డాయి. పిండి చేరినప్పుడే ఆ గీతలు ఎంత లోతో తెలుస్తుంది. కువైట్‌లో, మిష్రిఫ్ పేటలో ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి పిల్లలకు వేలు పట్టి నడక నేర్పింది. తన పిల్లలు నడిచిన సంగతి ఊరినుంచి వచ్చిన క్యాసెట్టులో విన్నది. ఆగస్టులో ఇరాకీలు దిగగానే ఇంటివాళ్ళు కారెక్కి సౌదీకి వెళ్ళిపోయారు. పోతూ పోతూ, ఆమె 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు ఆమె చేతిలో గేటు తాళంచెవి పెట్టి, ఇల్లు చూసుకోమంది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు మాత్రం ఆమెను పనికి రప్పించుకున్న కఫీల్, ఆ ఇంటాయన సంచీలోనే వెళ్ళిపోయింది.

తర్వాత సైనికులు ఆ ఇంట్లో చేరారు. కడప నుంచి వచ్చి నీళ్ళ ట్యాంకరు నడిపే బుడేన్ సాహెబ్ ఆమెను ఈ బడికి చేర్చాడు. వచ్చేటప్పుడు ఆమె వెంట ఉన్నవి కట్టుబట్టలూ, కొంగున ముడేసుకున్న తాళంచెవీ.

బడిలో తలదాచుకున్న తెలుగువాళ్ళకు పెద్ద వెంకటసత్యనారాయణ. అమలాపురం మనిషి, ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. మొదట్లోనే మగవాళ్ళంతా చేతులెత్తి ఆయన్ను ఎన్నుకున్నారు. సైనికులతో అరబ్బీలో మాట్లాడి నీళ్ళూ బియ్యమూ తెప్పించాడు. ఇండియా విమానాలు దొరికే అమ్మాన్‌కు వెళ్ళే బస్సుల్లో ఎవరు ముందు ఎక్కాలో కూడా ఆయనే చెప్తాడు. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే ముందు, లేనివాళ్ళను సరిహద్దులో దించేస్తారు అన్నాడు. కంపెనీల వాళ్ళకు అవి చేతికొచ్చాయి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు రాలేదు. బస్సులు వెళ్ళేకొద్దీ గదులు ఖాళీ అయ్యాయి గాని, వంటగది నిండుగానే ఉండిపోయింది.

సగం మంది వెళ్ళిపోయారు కనక పెద్దను మళ్ళీ ఎన్నుకోవాలన్నారు. ఈ పూటే. ఆయనకు పోటీగా బుడేన్ సాహెబ్ నిలబడ్డాడు. రేపు తెల్లవారి బస్సులో ఎవరెక్కేదీ గెలిచినవాడు చెప్తాడు.

టీ కోసమని వచ్చిన వెంకటసత్యనారాయణ గ్లాసు అందుకుంటూ గొంతు తగ్గించాడు. "నీ ఒక్కదాన్నీ ఎలాగోలా సర్దేస్తాలే రెడ్డెమ్మా. పైకనకు."

ఆయన వెళ్ళాక అప్పడాలకర్ర పీట మీద గట్టిగా చప్పుడు చేసింది. పక్కన రొట్టెలు కాలుస్తున్న శివపార్వతికి ఆ మాట వినపడనే వినపడింది.

"సీటు దొరికింది గదక్కా. రేపట్నుంచి మాకు పిండి ఎవురు పిసుకుతారో."

నడవాలో అందరూ చేరారు. వెంకటసత్యనారాయణ తాను చేసిన పనులన్నీ చెప్పుకున్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయన ముగించేలోపే రెడ్డెమ్మ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనకాల మిగతా ఆడవాళ్ళు.

"సార్, ఒక మాట. నీళ్ళు తెచ్చినారు, బియ్యం తెచ్చినారు. కాదనను. కాగితం లేనోళ్ళను బార్డర్ కాడ దించేస్తారన్నారే, ఎవుర్ని అడిగినారు?"

"అడగడవేంటమ్మా, అందరికీ తెలిసిందే కదా. ఒక్కళ్ళ మూలంగా బస్సంతా ఆగిపోతే ఎవరిది బాధ్యత?"

"మన ఎంబసీలో ఫోటో అంటించి కాగితం ఇస్తాండారంట. బుడేన్ సాబ్ చూసొచ్చినాడు. మీరు దినామూ ఆడికే పోతాండారు. మమ్మల్ని ఒక్కసారన్నా తీసకపోయినారా?"

దారిలో అడుగడుక్కీ సైనికులు, ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఎలా వెళ్ళడం అన్నాడాయన. ఆ భయమూ నిజమే. కొందరు తలలూపారు. రెడ్డెమ్మ కొంగు ముడిని పిండి చేత్తోనే నులుముతోంది.

"పొద్దున నన్నొక్కదాన్ని ఎక్కిస్తానంటిరి. పాస్‌పోర్టు లేకున్నా నాకు కుదిరేది, వీళ్ళకు ఏమిటికి కుదరదు సార్?"

వెంకటసత్యనారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం చాలాసేపు పట్టింది.

చేతులెత్తమన్నారు. మగవాళ్ళలో బుడేన్ సాహెబ్‌కు లేచినవి తక్కువే. గుమ్మంలో శివపార్వతి, తాను చెయ్యెత్తితే రాయచోటిలో ఉన్న మామగారికి తెలిసిపోతుందని గొణిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. రెడ్డెమ్మ చెయ్యి పైకి లేచింది. తర్వాత శివపార్వతిది. ఆ తర్వాత గుమ్మమంతా చేతులే, మోచేతుల దాకా పిండితో.

ఆడవాళ్ళను కలపడమేమిటని ఒకడు అడ్డం వచ్చాడు. వాళ్ళు లేకుండా పోయినసారి జరగలేదా అన్నాడు.

"లెక్కపెట్టండి," అన్నాడు వెంకటసత్యనారాయణ. ఎవరూ కదలకపోతే తనే వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. తాను ఓడిపోయినట్టు తనే చెప్పి గదిలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బుడేన్ సాహెబ్ లారీ అడిగి తెచ్చి ఆడవాళ్ళను ఎంబసీకి తీసుకువెళ్ళాడు. రెండుచోట్ల సైనికులు ఆపి దిగమన్నారు, చూసి ఎక్కమన్నారు. ఎండలో వరసలో నిలబడి, పొద్దు వాలేలోగా కాగితాలు చేతబట్టుకుని వచ్చారు. ఫోటోలో రెడ్డెమ్మ చెంప మీద పిండి అలాగే ఉంది.

తెల్లవారి బస్సు వచ్చింది. రెడ్డెమ్మ రొట్టెల పళ్ళెం తీసుకుని వెంకటసత్యనారాయణ గదికి వెళ్ళింది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"రేత్రి తిన్లేదంట."

"నలుగుర్లో నా పరువు తీసేశావమ్మా."

"మీరు చేసింది తప్పంటి గాని, మిమ్మల్ని చెడ్డోడంటినా సార్?"

ఆయన లేచి కూచున్నాడు. ఆమె కొంగు ముడి విప్పబోతే బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో లాగి విప్పింది.

"అందర్నీ పంపినాక గదా మీరు పోయేది. మా ఇంటి మామా తిరిగొస్తే ఇది ఇయ్యండి."

"ఆ ఇంటికి తలుపులు కూడా మిగల్లేదంటున్నారే."

"గేటుంది గదా."

ఆయన చెయ్యి చాపాడు. ఆమె అందులో తాళంచెవి పెట్టి, బయట హారన్ మోగుతుంటే గబగబా వెళ్ళిపోయింది.

బస్సు చప్పుడు దూరమయ్యాక వంటగది వైపునుంచి ఏ శబ్దమూ రాలేదు. వెంకటసత్యనారాయణ ఒక రొట్టె తుంచుకున్నాడు. కిటికీ అంచున పెట్టిన తాళంచెవి పళ్ళ సందుల్లో పిండి తెల్లగా ఎండిపోయి ఉంది.